పన్నెండు సంచుల కింద స్టెప్నీ

మా ఇంట్లో కారు ప్రయాణాలకు రాజ్యాంగం ఉంది. రాసిపెట్టింది కాదు, రెండే అధికరణలు, నోటిమాటగా నడుస్తున్నాయి. మొదటిది "ఎందుకైనా మంచిది". రెండోది "ఏం కాదులే". మొదటిది సామానుకు వర్తిస్తుంది, రెండోది కారుకు. ఈ పంపకం ఎవరు చేశారో గానీ ఇంతవరకూ ఎవరూ సవరణ కోరలేదు.

నాలుగు రోజుల ప్రయాణానికి పది రోజుల ముందే సర్దడం మొదలైంది. గొడుగులు మూడు. వాన సూచన లేదని ఫోన్ తీసి చూపించాను. "ఫోన్‌కేం తెలుసురా, ఎందుకైనా మంచిది" అంది అమ్మ. దుప్పట్లు అక్కడ ఇస్తారు కదా అన్నాను. ఇస్తారు, కానీ అంతకుముందు ఎవరు కప్పుకున్నారో! ఇస్త్రీపెట్టె కూడా ఇదే అధికరణ కింద ఎక్కింది. మావాడు లెక్కల పుస్తకం పెట్టుకున్నాడు. అది గత మూడు ప్రయాణాల్లోనూ మాతో వచ్చింది, ఒక్కసారీ తెరుచుకోలేదు. చిరగకుండా, నలగకుండా ఇన్ని ఊళ్ళు తిరిగిన ప్రాణి మా ఇంట్లో మరొకటి లేదు.

మందుల సంచి ఒక్కటే చర్చ లేకుండా ఆమోదం పొందింది. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, కారు ఎక్కకముందే వేసుకోవాలి. అసలు తిప్పడం ఎందుకంటే, కళ్ళు ఫోన్ మీద నిలిచి "మనం కదలట్లేదు" అంటాయి, లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది. ఆ ఇద్దరి తగాదాలో కడుపు నష్టపోతుంది. ఇదంతా మా అమ్మాయికి వివరించాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా శ్రద్ధగా విన్నది.

ఇక కారు. దానికి దక్కిన సమయం పది నిమిషాలు. చాలా కార్లలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కనే స్టిక్కర్ ఉంటుంది. టైర్లలో గాలి మామూలుగా ఎంత ఉండాలి, నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత ఉండాలి అని రెండు అంకెలు. ఆ గాలి కూడా టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, కొంత దూరం నడిపి వేడెక్కాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది. టైరు పక్కభాగం మీద మరో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. మా టైర్ల మీది అంకెలు చదివొచ్చి ఇంట్లో ప్రకటించాను. "మన పెళ్ళిరోజు గుర్తుండదు గానీ టైరు పుట్టినరోజు మాత్రం వారంతో సహా తెలుసు" అంది మా ఆవిడ. దాంతో సాంకేతిక విభాగం సమావేశం ముగిసింది.

అందరికంటే దయనీయమైన స్థితి స్టెప్నీది. ఆ పేరు వేల్స్‌లోని లానెల్లి అనే ఊళ్ళో ఒక వీధిది. తొలినాళ్ళలో కారుతో పాటు అదనపు చక్రం వచ్చేది కాదు. 1904లో ఆ వీధిలో డేవీస్ సోదరులు దాన్ని తయారుచేశారు. అంటే "ఎందుకైనా మంచిది" అనే సూత్రం మీదే పుట్టిన వస్తువు కారులో ఏదైనా ఉంటే అది స్టెప్నీయే. మా ఇంట్లో మాత్రం దాన్ని రెండో అధికరణ కింద పడేశారు.

ఈ మాట అంటే మా బావమరిది చరిత్ర తీస్తాడు. "1888లో, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని 100 కిలోమీటర్లకు పైగా కారు నడిపింది బావా. ఇంధనం మందుల దుకాణంలో కొనుక్కుంది. గొట్టంలో అడ్డం పడితే టోపీ పిన్నుతో తీసింది. ఆవిడ ఏం సర్దుకుందని?" నిజమే. కానీ ఆవిడ పిన్ను ఆవిడ తల మీదే ఉంది. మా సంచుల్లో పిన్ను వెతకాలంటే ముందు ఏ సంచో తేల్చడానికి ఒక కమిటీ వెయ్యాలి.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలని తీర్మానం. దాన్ని నాలుగింటికి నిద్ర లేవాలని అన్వయించుకున్నారు. ఆరున్నరకి డిక్కీ నిండింది. పన్నెండు సంచులు. మూత వెయ్యడానికి మావాడు దాని మీద కూర్చోవలసి వచ్చింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది.

"స్టెప్నీలో గాలి చూడలేదు."

"ఎక్కడుంటుందండీ అది?"

"డిక్కీ అడుగున."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఓటింగ్ జరిగింది. ఫోన్‌లో ఉన్న బావమరిదితో కలిపి "ఏం కాదులే"కి 5, వ్యతిరేకంగా 1. ప్రజాస్వామ్యంలో ఉన్నాం కాబట్టి స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

రెండు కిలోమీటర్లు వెళ్ళాక అమ్మ అడిగింది, "తాళం వేశామా?"

వేశాం. నేనే వేశాను, తాళంచెవి నా జేబులోనే గుచ్చుకుంటోంది. "వేశావులే, అయినా ఒకసారి చూసొద్దాం, ఎందుకైనా మంచిది" అంది. మొదటి అధికరణ మీద అప్పీలు లేదు. కారు వెనక్కి తిప్పాను.

తాళం వేసే ఉంది. "ఎలాగూ వచ్చాం కదా" అని తాళం తీయించి, అమ్మ లోపలికెళ్ళి ఇంకో సంచి పట్టుకొచ్చింది. మావాడు మళ్ళీ డిక్కీ ఎక్కి కూర్చున్నాడు. స్టెప్నీ మీద ఇప్పుడు పదమూడు.