నొక్కితే పట్టని అక్షరం లేదు

నెల్లూరులో ఫ్లెక్సీ మీద చోటుకు ఉన్న కరువు మరి దేనికీ లేదు. పది అడుగుల గుడ్డ మీద నాయకుడి నిలువెత్తు ఫొటో, ఆయన నాయకుడి ఫొటో, ఆ పైనాయన దండం పెడుతున్న ఫొటో, కింద స్టాంపుల్లాగా ముప్పై మంది తమ్ముళ్లు. వీళ్లంతా సర్దుకున్నాక మిగిలిన జానెడు చోట్లో 'రొట్టెల పండుగ శుభాకాంక్షలు' పట్టాలి. అదీ లావుగా, ట్రంక్ రోడ్డు అవతలి నుంచి కనపడేలా. అందుకని అక్షరాలను పక్కల నుంచి నొక్కుతారు. తప్పేముంది? షేర్ ఆటోలో మనం పదిమందిమి పట్టడం లేదా? అసలు జిల్లా పేరే 2008 నుంచి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. పేరు పెరిగింది గానీ బోర్డు రేకు పెరగలేదు పాపం.

ఇంగ్లీషువాళ్లు ఈ విద్యలో ముందే ఆరితేరారు. 1965లో జెఫ్రీ లీ గీసిన ఇంపాక్ట్ అనే ఫాంటును షెఫీల్డ్‌లో అచ్చు అక్షరాలు పోసే స్టీఫెన్సన్ బ్లేక్ ఫౌండ్రీ తెచ్చింది. సిరా ఎక్కువ, చోటు తక్కువ. వాళ్లవి చాలావరకు కర్రల్లాంటి అక్షరాలు, దగ్గరగా పాతితే దడి కట్టినట్టు నిలబడతాయి. పైగా ఇరుకు చేసేటప్పుడు నిలువు గీత బలం పోకుండా ప్రతి అక్షరాన్నీ కొత్తగా గీశారు. మన ఫ్లెక్సీ షాపులో అంత తీరిక ఎవరికుంది? బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో మౌసుతో పక్క నుంచి ఒక్క తోపు. అడ్డగీతలు అట్టాగే లావుగా ఉంటాయి, నిలువు గీతలు మాత్రం పథ్యం తిన్నట్టు చిక్కిపోతాయి. వాటికి బలం పట్టాలని చుట్టూ స్ట్రోక్, అంటే అంచు గీత, ఇస్తారు. దాంతో గుండ్రటి అక్షరంలో ఉన్న కాస్త ఖాళీ పూడిపోతుంది.

మా బామ్మర్ది మెస్సు పెట్టాడు. బోర్డు మీద 'నెల్లూరు చేపల పులుసు' అని ఉండాలి. షాపు కుర్రాడు ముందుగా చేప బొమ్మకు ముప్పాతిక చోటు ఇచ్చేశాడు. రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి కదయ్యా, అందులో పెట్టమన్నాను.

"అది వెడల్పు తింటదన్నా. నొక్కితే పడతది, మీరు టెన్షన్ పడబాకండి."

పడింది. 'ప'కూ 'వ'కూ తేడా తలకట్టు కింద ఉన్న సన్నటి సందే. స్ట్రోకు ఆ సందును సిమెంటు పెట్టినట్టు మూసింది. తెల్లారి మెస్సు ముందు నిలబడి చదివితే 'నెల్లూరు చేవల వులుసు'. 'ల్లూ' కింది ఒత్తు జారి ఫోన్ నంబరు నెత్తిన కూర్చుంది. తొమ్మిదో ఆరో ఎవరికీ తెలియదు.

మళ్లీ కొట్టించమని నేను గొడవపడుతుంటే ఇద్దరు బండి ఆపారు. బోర్డు వైపు కాసేపు చూసి, "వులుసు అంటే ఏంది సామీ, వేపుడా?" అని అడిగారు.

బామ్మర్ది తొణకలేదు. "స్పెషల్ అన్నా, మన దగ్గర తప్ప ఎక్కడా దొరకదు" అన్నాడు.

ప్లేటుకు ఇరవై రూపాయలు పెంచాడు.