లీకుకు పాత క్లిప్పును తప్పుపట్టకండి

పాత కార్లను పునరుద్ధరించేవారి మధ్య ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. "1960ల నాటి అమెరికన్ కారుకు ఫ్యాక్టరీ తరహా హోస్ క్లిప్పులు వేస్తే కూలంట్ లీకవక తప్పదు. ప్రదర్శనకైతే అవి పెట్టుకోండి, రోడ్డెక్కాలంటే మాత్రం తీసేసి వార్మ్ డ్రైవ్ క్లిప్పులు బిగించండి" అన్నది దాని సారాంశం. కూలంట్ అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, దాన్ని మోసే రబ్బరు గొట్టం హోస్, ఆ గొట్టం ఊడకుండా చుట్టూ పట్టి ఉంచేది క్లిప్పు. స్క్రూ తిప్పితే పట్టీ గాట్ల వెంట జరిగి బిగుసుకునే క్లిప్పే వార్మ్ డ్రైవ్. ఈ మాట నమ్మి మస్టాంగులు, కమారోలు, కార్వెట్ల అసలు క్లిప్పులను చెత్తబుట్టలో వేసినవారు చాలామందే ఉన్నారు. కారుతో పాటు పుట్టిన ఆ క్లిప్పులు ఒకసారి పోతే మళ్లీ రావు. అందుకే ఈ సలహాకు దన్నుగా చెప్పే వాదనలను ఒక్కొక్కటిగా చూడాలి.

మొదటి వాదన: ఆ కాలపు క్లిప్పులు ఒత్తిడికి ఆగేలా చేసినవి కావు.

1927 చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎ విషయంలో ఈ మాట కొంత అర్థవంతమే. దాని కూలింగ్ వ్యవస్థలో ఒత్తిడే ఉండదు. 1960ల కార్ల సంగతి వేరు. అప్పటి జనరల్ మోటార్స్ కార్లలో చాలావాటికి చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిని ఆపే రేడియేటర్ క్యాప్ ఉండేది. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర కాకుండా సుమారు 121 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నేటి కార్లలో చాలావాటి ఒత్తిడి కూడా దీనికి మరీ దూరంగా ఉండదు. ఆ వేడిని, ఆ ఒత్తిడిని తట్టుకోవాలనే, తన బిగువుతోనే హోస్‌ను నొక్కి పట్టే స్ప్రింగ్ క్లిప్పులను, పట్టీ రెండు చివరలను స్క్రూతో దగ్గరకు లాగే టవర్ క్లిప్పులను ఎంచుకుని ఫ్యాక్టరీలో బిగించారు. అరిజోనా ఎండల్లో రోజూ తిరిగిన కుటుంబాల కార్లు వాటితోనే తిరిగాయి.

రెండో వాదన: స్ప్రింగ్ క్లిప్పును బిగించే వీలు లేదు కాబట్టి దాని పట్టు తక్కువ.

అసలు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. వేడికీ ఒత్తిడికీ రబ్బరు కాలక్రమేణా అణిగిపోతుంది, మళ్లీ పూర్వపు మందానికి రాదు. స్క్రూ క్లిప్పు మనం వదిలిన కొలత దగ్గరే ఆగిపోతుంది. రబ్బరు అణిగిన కొద్దీ దాని పట్టు సడలుతుంది. చలికాలం ఉదయం బండి కింద చిన్న మడుగు కనిపించి, ఇంజను వేడెక్కాక లీకు ఆగిపోవడం చాలామందికి అనుభవమే. స్ప్రింగ్ అలా కాదు. రబ్బరు అణిగితే తనూ దాంతో పాటే దగ్గరకు వస్తుంది. ఇప్పుడు ఫ్యాక్టరీల నుంచి వస్తున్న ఎన్నో కార్లలో వెడల్పు పట్టీ స్ప్రింగ్ క్లిప్పులే ఉండటానికి కారణం ఈ గుణమే.

గుండ్రటి తీగతో చేసిన పాత రకానికి లోపం లేదనను. అది సన్నని గీత మీదే నొక్కుతుంది. ఆ గీత కింద లోహం గుంటలు పడి ఉంటే కూలంట్‌కు దారి దొరుకుతుంది. ఏళ్ల తరబడి వాడి సాగిన స్ప్రింగుకు పట్టు ఉండదు. అలాంటప్పుడు అదే తరహాలో, అదే కొలతలో కొత్తది వేసుకోవాలి.

మూడో వాదన: వార్మ్ డ్రైవ్ ఆధునికమైనది, కాబట్టి భద్రం.

ఇంగ్లండ్‌లో లమ్లీ రాబిన్సన్ అనే నౌకాదళ అధికారి జూబిలీ క్లిప్పును రూపొందించింది 1921లో. మస్టాంగ్ పుట్టడానికి నాలుగు దశాబ్దాల ముందు! గాట్లు పట్టీని చీల్చుకుని వెళ్లని నాణ్యమైన రకం మంచి వస్తువే, కాదనను. చవక రకంలో మాత్రం పట్టీకి ఆ వైపు నుంచి ఈ వైపుకు చీలికలుంటాయి. గట్టిగా బిగిస్తే రబ్బరు వాటిలోకి ఉబ్బి కోసుకుపోతుంది. ఇంకా బిగిస్తే పాత రేడియేటర్ల పల్చటి ఇత్తడి నెక్, అంటే హోస్ తొడిగే గొట్టం, సొట్టపోతుంది.

నాలుగో వాదన: పాతవి వేస్తే కారింది, వార్మ్ డ్రైవ్ వేస్తే ఆగింది. ఇంకేం రుజువు కావాలి?

ఎక్కువమందిని ఒప్పిస్తున్నది ఈ వాదనే. నిజంగానే ఆగి ఉంటుంది. పుండు మానకుండా పైన కట్టు బిగించినట్టు, రబ్బరును బలవంతంగా గుంటల్లోకి నొక్కి ఆపారు. గుంటలు అలాగే ఉన్నాయి.

ఆ హోస్ ఊడదీసి చూడండి. లోపలి అంచున తెల్లగానో పచ్చగానో ఎండిన పొర కనిపిస్తే కూలంట్ అక్కడి నుంచే పాకింది. థర్మోస్టాట్ హౌసింగ్ (ఇంజను నుంచి కూలంట్ బయటకు వచ్చే చోటు) నెక్ మీద వేలిగోరు నెమ్మదిగా జరపండి. గోరు తట్టుకున్న ప్రతిచోటా ఒక గుంట ఉంది. తుప్పును లోహం తేలేదాకా గీకి, గుంటలను వేడిని తట్టుకునే ఎపాక్సీతో నింపి, ఆరాక ఎమెరీ కాగితంతో గుండ్రంగా, నునుపుగా రుద్దాలి. పునరుద్ధరణలో తరచూ జరిగే ఇంకో పొరపాటు, ఇంజనుకు వేసే రంగునే నెక్ మీద కూడా దట్టంగా వేయడం. హోస్ ఆ రంగు మీద కూర్చుంటుంది, వేడికి రంగు లేచిపోతుంది, కూలంట్ దాని కిందుగా బయటకు వస్తుంది. నింద క్లిప్పు మీద పడుతుంది.

తర్వాత హోస్ సంగతి. ఇప్పుడు దొరికే హోసుల గోడ మందం పాతవాటితో సరిగ్గా కలవకపోవచ్చు. స్ప్రింగ్ క్లిప్పును హోస్ బయటి కొలతను బట్టి ఎంచుకోవాలి కాబట్టి కొద్ది తేడా కూడా లెక్కకు వస్తుంది. టవర్ క్లిప్పు సర్దుకునే పరిధి కూడా చిన్నదే. దాని రెండు చివరలు ఒకదాన్నొకటి తాకేశాక స్క్రూ ఎంత తిప్పినా హోస్ మీద పట్టు పెరగదు. బిగించాక మధ్యలో సందు మిగిలితేనే అది సరైన కొలత.

క్లిప్పు కూర్చునే చోటు కూడా ముఖ్యం. నెక్ చివర ఉబ్బెత్తు అంచు ఉంటుంది. క్లిప్పు ఆ అంచు దాటాక, హోస్ చివరకు కొద్దిగా ఇవతల ఉండాలి. ఉబ్బెత్తు మీదకే ఎక్కితే ఏ రకం క్లిప్పయినా కారుతుంది. హోస్ ఎక్కడం లేదని గ్రీజు రాయకండి, అది రబ్బరును పాడుచేస్తుంది. కాస్త కూలంట్ తడి చాలు.

పని అయ్యాక చల్లటి ఇంజను మీద ఒత్తిడిని పరీక్షించే చేతిపంపు టెస్టరు పెట్టి, క్యాప్ మీద రాసి ఉన్నంత ఒత్తిడే ఎక్కించి పావుగంట వదిలేయండి. ముల్లు కదలకపోతే బండి నడిపి, మళ్లీ పూర్తిగా చల్లారాక టవర్ క్లిప్పుల స్క్రూలను ఒకసారి సరిచూడండి.

ఐదో వాదన: క్లిప్పులను ఎవరు చూస్తారు?

చూస్తారు. కార్వెట్ల అసలుదనం కాపాడేందుకు 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ న్యాయనిర్ణేతలు హోస్ క్లిప్పు దాకా పరిశీలిస్తారు. షికాగోలోని విట్టెక్ కంపెనీ ముద్ర ఉన్న టవర్ క్లిప్పు ఆ కారు ఎక్కడ, ఎలా తయారైందో చెప్పే సాక్ష్యం. పోటీకి వెళ్లనివారికి కూడా ఆ సాక్ష్యం విలువైనదే.

ఇక్కడ చెప్పినదంతా కూలంట్ హోసులకే పరిమితం. కార్బ్యురేటర్ తీసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించినవారు ఆ పెట్రోల్ పైపులకు పాత స్ప్రింగ్ క్లిప్పులు వాడనే వాడకూడదు. పాత పెట్రోల్ పంపు ఇచ్చేది సుమారు 5 నుంచి 7 పౌండ్ల ఒత్తిడి. ఇంజెక్షన్ వ్యవస్థల్లో అది తరచూ 40 పౌండ్లు దాటుతుంది, పైగా అక్కడ లీకైతే వచ్చేది మంట. వాటికి ఇంజెక్షన్ కోసం చేసిన హోస్, దానికి తగిన క్లిప్పు మాత్రమే వేయించండి.