‘పేపరు చివర రాసేశారుగా!’ అంటే సరిపోదు

డాక్టర్ల గ్రూపుల్లో, ఫార్మసీ విద్యార్థుల గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. మందుల కంపెనీల సొమ్ముతో జరిగే పరిశోధనలను అనుమానించేవాళ్ల నోరు మూయించామన్న ధీమా దాని నిండా ఉంది. సారాంశం ఇది: ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నారో పరిశోధకులు తమ పరిశోధన పేపరు చివర రాస్తున్నారు, దాచిందేమీ లేదు, డేటా డేటానే, డబ్బు ఎవరిదైతేనేం, పదేళ్లు చదివిన డాక్టరు ఒక పూట భోజనానికి అమ్ముడుపోడు, యూనివర్సిటీలు, ఆ పేపర్లను అచ్చువేసే జర్నళ్లు, మన దేశంలో రూల్సు అన్నీ కాపలా ఉన్నాయి, కంపెనీలు డబ్బు పెట్టకపోతే కొత్త మందులే రావు. చివర్లో ‘ఇంకేం కావాలి?’ అని ఒక ప్రశ్న, పక్కన దండాల ఇమోజీ.

ఇందులో కంపెనీల ఖర్చు గురించి చెప్పింది నిజం. మందును మార్కెట్‌కు తెచ్చే పెద్ద ట్రయల్స్‌కు, అంటే మనుషులపై చేసే పరీక్షలకు, డబ్బు పెట్టేది ఎక్కువగా కంపెనీలే. దాన్ని కాదనేదేమీ లేదు. డబ్బు వచ్చాక ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్న దగ్గరే అసలు పేచీ. ఆ ఊసు ఈ పోస్టులో ఎక్కడా లేదు.

‘రాసేశారు కదా, దాచిందేముంది?’

జెస్సీ గెల్సింగర్‌ది అమెరికాలోని ఆరిజోనా. వయసు 18. కాలేయం అమోనియాను సరిగా వదిలించుకోలేని జన్యులోపం అతనికి ఉంది. అయితే తేలికపాటి రకం. మందులతో, ప్రొటీన్లు తగ్గించిన తిండితో బాగానే నెట్టుకొస్తున్నాడు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జరుగుతున్న జీన్ థెరపీ (జన్యు చికిత్స) ట్రయల్‌లో వాలంటీరుగా చేరాడు. తనకు నయమవుతుందన్న ఆశతో కాదు, ఇదే జబ్బుతో పుట్టే పసిపిల్లలకు పనికొస్తుందని. 1999 సెప్టెంబరు 13న మార్పు చేసిన వైరస్‌ను అతని కాలేయంలోకి ఎక్కించారు. 17న చనిపోయాడు.

ఆ యూనివర్సిటీలోని జీన్ థెరపీ సంస్థకు అప్పటి డైరెక్టర్ జేమ్స్ విల్సన్. జెనోవో అనే కంపెనీని స్థాపించిందీ ఆయనే, అందులో ఆయనకు షేర్లుండేవి. యూనివర్సిటీకీ వాటా ఉండేది. ఇదంతా దాచారా అంటే, లేదు. విల్సన్‌కు, యూనివర్సిటీకి, జెనోవోకు ఈ పరిశోధన విజయవంతమైతే ఆర్థిక ప్రయోజనం ఉందని జెస్సీ సంతకం పెట్టిన అంగీకార పత్రంలోనే ఒక వాక్యం ఉంది. పోస్టు లెక్కన చూస్తే కథ అక్కడితో కంచికి చేరాలి.

చేరలేదు. తర్వాత అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీల్లో బయటపడినవి వరుసగా చూడండి. వైరస్ ఎక్కించే నాటికి జెస్సీ రక్తంలో అమోనియా, ట్రయల్ నిబంధనలు ఒప్పుకునే స్థాయికి మించి ఉంది. అతనికంటే ముందు వాలంటీర్లలో కనిపించిన తీవ్రమైన దుష్ప్రభావాలను ఎఫ్‌డీఏకు చెప్పాల్సినట్టు చెప్పలేదు. జంతు ప్రయోగాల్లో కోతులు చనిపోయిన సంగతి అతను సంతకం చేసిన పత్రంలో లేదు. డబ్బు కోసమే ఇలా చేశారని ఎవరూ రుజువు చేయలేదు, నేనూ ఆ మాట అనను. విల్సన్ స్వయంగా ఆ కుర్రాడికి చికిత్స చేయలేదు కూడా. కానీ పత్రంలోని ఆ ఒక్క వాక్యం వీటిలో దేన్ని ఆపింది? ‘అమోనియా ఎక్కువగా ఉంది, ఇవాళ వద్దు’ అని చెప్పగల అధికారం, ఈ ప్రయోగం నెగ్గినా ఓడినా రూపాయి లాభం లేని మనిషి చేతిలో ఉంటే ఏమయ్యేది? ఆ అధికారాన్ని అలాంటి మనిషికి అప్పగించడాన్నే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్‌ను (పరస్పర విరుద్ధ ప్రయోజనాలను) మేనేజ్ చేయడం అంటారు. పత్రంలో వాక్యం రాయడం దానికి మొదటి మెట్టు మాత్రమే. 2005లో యూనివర్సిటీ తప్పు ఒప్పుకోకుండానే 5 లక్షల డాలర్లకు పైగా కట్టి అమెరికా ప్రభుత్వంతో కేసు సెటిల్ చేసుకుంది. మనుషులపై ట్రయల్స్‌కు నాయకత్వం వహించకుండా విల్సన్‌పై 2010 దాకా ఆంక్షలు పెట్టారు.

చెప్పేయడం వల్ల ఒక్కోసారి అసలుకే మోసం రావచ్చు కూడా. డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డాన్ మూర్ అనే ముగ్గురు 2005లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. గాజు సీసాల్లో చిల్లర నాణేలు పోశారు. మొత్తం ఎంతుంటుందో కొందరు అంచనా కట్టాలి. వాళ్లకు సీసాను కాస్త దూరం నుంచి కొన్ని క్షణాలే చూపిస్తారు. దగ్గర నుంచి తీరిగ్గా చూసే సలహాదారులు వేరే ఉంటారు. అవతలివాళ్ల అంచనా సరిగ్గా ఉంటేనే సలహాదారుకు డబ్బు అన్నప్పుడు, వాళ్లు సగటున పదహారున్నర డాలర్లని సలహా ఇచ్చారు. అంచనా ఎంత ఎక్కువైతే అంత డబ్బు అనగానే అది 20 దాటింది. ఈ ఏర్పాటు సంగతి అవతలివాళ్లకు ముందే చెప్పేసినప్పుడు ఏమైందనుకుంటున్నారు? తగ్గలేదు, 24కు ఎగబాకింది. ‘నేను చెప్పాల్సింది చెప్పేశాను, ఇక జాగ్రత్తపడాల్సింది వాళ్లే’ అన్న ధైర్యం వచ్చేసినట్టుంది. పోనీ విన్నవాళ్లయినా జాగ్రత్తపడ్డారా? కొంత తగ్గించుకున్నారు కానీ, సరిపోయేంత కాదు. ఎంత తగ్గించుకోవాలో వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది? పేపరు చివర చిన్న అక్షరాల్లో పది కంపెనీల పేర్లు చదివిన డాక్టరుకైనా అదే ఇబ్బంది. ‘సరే, ఇప్పుడీ ఫలితాన్ని ఎంత శాతం నమ్మాలి?’ అన్నది ఆ పేర్లు చెప్పవు.

‘డేటా డేటానే’

ఈ పాయింటును కొట్టిపారేయను. ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. కంపెనీల డబ్బుతో జరిగిన అధ్యయనాలను మిగతావాటితో పోల్చి చూసి, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2017లో ఒక సమీక్ష వెలువరించింది. కంపెనీ అధ్యయనాల్లో మందుకు అనుకూలమైన ఫలితాలు సుమారు 27 శాతం ఎక్కువగా, అనుకూలమైన ముగింపులు సుమారు 34 శాతం ఎక్కువగా కనిపించాయి. విచిత్రం ఏమిటంటే, పద్ధతి ప్రకారం చూస్తే కంపెనీ అధ్యయనాలు నాసిరకంగా ఏమీ లేవు. అంటే లెక్కల్లో దొంగతనం జరిగిందని కాదు. కొత్త మందును దేనితో పోల్చాలి, పాత మందును ఏ మోతాదులో ఇవ్వాలి, దేన్ని విజయం అనాలి, దేన్ని అచ్చువేయాలి అన్నవి డేటా పుట్టకముందో, పుట్టాకో మనుషులు తీసుకునే నిర్ణయాలు. డబ్బు ప్రభావం చూపేది అక్కడ.

అచ్చువేయడం సంగతే చూడండి. డిప్రెషన్ మందులపై ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 ట్రయల్స్ ఏమయ్యాయో ఎరిక్ టర్నర్ బృందం వెతికి, 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసింది. మందు పనిచేసిందని ఎఫ్‌డీఏ తేల్చినవి 38. వాటిలో 37 అచ్చయ్యాయి. పనిచేయలేదనో, అనుమానమేననో తేలినవి 36. వాటిలో 22 అసలు వెలుగు చూడలేదు. 11 మాత్రం పనిచేసిందన్న అర్థం వచ్చేలా అచ్చయ్యాయి. ఉన్నదున్నట్టు వచ్చినవి మూడే మూడు. జర్నళ్లు మాత్రమే చదివే డాక్టరుకు దాదాపు అన్ని ట్రయల్సూ నెగ్గినట్టే కనిపిస్తాయి. డేటా డేటానే. బీరువాలో ఉన్నది కూడా డేటానే మరి.

ఇది చదివి ‘అయితే మందులన్నీ మోసమే’ అంటూ ఇంకో పోస్టు తయారుచేసేవాళ్లుంటారు, వాళ్లకూ ఒక మాట. ఆ 74 ట్రయల్స్‌నూ కలిపి లెక్కవేసినా ఆ మందులు ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గానే పనిచేశాయి. జర్నళ్లలో కనిపించినంత మెరుగ్గా మాత్రం కాదు. వేసుకుంటున్న మాత్ర మానేయడానికి ఇది కారణం కాదు.

‘భోజనానికి అమ్ముడుపోతారా?’

ఎవరూ అమ్ముడుపోరు. అసలు చిక్కే అది. లంచం అయితే తీసుకున్నవాడికి తెలుస్తుంది. 2001లో అమెరికాలో జూనియర్ డాక్టర్లను అడిగితే, కంపెనీల ప్రచారం తమ మీద పనిచేయదని 61 శాతం మంది చెప్పారు. తోటి డాక్టర్ల మీద కూడా పనిచేయదన్నది 16 శాతమే. 2016లో లక్షలాది డాక్టర్ల రికార్డులు పరిశీలిస్తే, 20 డాలర్లు కూడా చేయని ఒక్క భోజనం తీసుకున్నవాళ్లు సైతం ఆ కంపెనీ బ్రాండును కొంత ఎక్కువగా రాస్తున్నట్టు కనిపించింది. భోజనం వల్లే రాశారని అది రుజువు చేయదు. కానీ ‘ప్రభావమే లేదు’ అన్న ధీమాకు ఆధారం కూడా మిగల్చదు.

‘యూనివర్సిటీలు, జర్నళ్లు చూసుకుంటాయి’

అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీకి అప్పటి మానసిక వైద్య విభాగాధిపతి చార్లెస్ నెమెరాఫ్, మందుల కంపెనీ గ్లాక్సోస్మిత్‌క్లైన్ నుంచి ఏడాదికి 10 వేల డాలర్లకు మించి తీసుకోనని యూనివర్సిటీకి ఉత్తరం రాసిచ్చారు. తేదీ 2004 జులై 15. అమెరికా సెనేటర్ గ్రాస్లీ దర్యాప్తుతో 2008లో తేలిందేమిటంటే, అదే రోజు ఆయన వయోమింగ్‌లోని ఒక ఖరీదైన రిసార్టులో అదే కంపెనీ పని మీద 3 వేల డాలర్లు సంపాదిస్తున్నారు. ఆ ఏడాది మొత్తం 1,70,000. ఆ సంతకాన్ని కంపెనీ చెల్లింపులతో సరిచూసుకునే ఏర్పాటు యూనివర్సిటీ దగ్గర లేదు.

జర్నళ్ల సంగతీ అంతే. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపరు 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. టీకా కంపెనీల మీద దావా వేస్తున్న లాయర్ల తరఫున ఆయన డబ్బు తీసుకుంటున్న సంగతి 2004లో బయటపెట్టింది ఒక విలేకరి. లాన్సెట్ పేపరును పూర్తిగా వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. కంపెనీలకు వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లకు స్వార్థం ఉండదనుకునేవాళ్లు ఈ ఉదాహరణ గుర్తుంచుకుంటే మంచిది.

ఇలాంటివన్నీ చూశాకే అమెరికా 2010లో చట్టం చేసింది. డాక్టరు చెప్పినదానితో సరిపెట్టుకోకుండా, ఎవరికి ఎంత ఇచ్చామో కంపెనీలే ప్రభుత్వానికి చెప్పాలి. 2014 సెప్టెంబరు నుంచి పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రికి అప్పటి చీఫ్ మెడికల్ ఆఫీసర్ హోసే బాసెల్గా తన పేపర్లలో కంపెనీ చెల్లింపులు చాలావాటిని చెప్పలేదని 2018లో విలేకరులు పట్టుకోవడానికి ఆ సమాచారం పనికొచ్చింది. రోజుల వ్యవధిలో ఆయన రాజీనామా చేశారు.

‘మన దేశంలో రూల్సున్నాయి’

ఉన్నాయి. ఖమ్మం జిల్లానే తీసుకుందాం. 2009లో పాత్ (PATH) అనే సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌తో, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిపింది. టీకాలు ఉచితంగా ఇచ్చింది తయారీ కంపెనీ. గిరిజన హాస్టళ్లలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఖమ్మంలోనూ, ఇదే ప్రాజెక్టు నడిచిన గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని కేంద్రం వేసిన విచారణ సంఘం తేల్చింది. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుందనీ ప్రపంచవ్యాప్తంగా రుజువైంది. అయినా 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో ఆ విచారణ సంఘాన్నే తప్పుబట్టింది: పరస్పర విరుద్ధ ప్రయోజనాలు ఏమైనా ఉన్నాయా అని సభ్యులను ముందుగా అడగనేలేదని. కంపెనీలతో సంబంధం లేనివాళ్లను ఎంచుకుని ఉంటే వాళ్లు తేల్చిన మాటకు బలం ఉండేది. ఆ జాగ్రత్త లేక, సరైన జవాబు కూడా అనుమానం పాలైంది.

డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు తీసుకోకూడదన్న నిబంధన 2009 డిసెంబరులోనే మెడికల్ కౌన్సిల్ తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనలు అదే నెలలో పక్కకు వెళ్లిపోయాయి కాబట్టి పాతవే నడుస్తున్నాయి. వాటిలో కానుకల గొడవ మధ్య ఎవరూ పట్టించుకోని భాగం ఒకటుంది. కంపెనీ డబ్బుతో పరిశోధన చేసే డాక్టరు, ఆ డబ్బు ఎక్కడిదో, ఎంతో మొదట్లోనే బహిరంగంగా చెప్పాలి. ఫలితాలు ప్రచురించుకునే స్వేచ్ఛ తనకుండేలా ఒప్పందంలో క్లాజు పెట్టించుకోవాలి.

ఆ పోస్టును షేర్ చేసినవాళ్లలో ట్రయల్స్ చేస్తున్న డాక్టర్లు, ఆస్పత్రుల ఎథిక్స్ కమిటీ సభ్యులు కూడా ఉన్నారు. మీ ఆస్పత్రిలో నడుస్తున్న ట్రయల్ ఎంఓయూ (కంపెనీతో ఒప్పంద పత్రం) ఒకటి తెప్పించుకుని, ప్రచురణ క్లాజు ఉందో లేదో చూడండి. ఉంటే, కంపెనీ ముందస్తు అనుమతి కావాలన్న మెలిక పక్కనే ఉందేమో కూడా చూడండి. పూర్తి డేటా పరిశోధకుడికి దొరుకుతుందా, విశ్లేషణ చేసేది ఎవరి మనుషులు, మధ్యలో ట్రయల్ ఆపమనే అధికారం ఎవరిది అన్నవి అడగండి. మన దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో అదే ట్రయల్ తెరిచి, మొదట ఏం కొలుస్తామని రాశారో, ఇప్పుడు ఏం కొలుస్తున్నారో పోల్చండి. ఒక మధ్యాహ్నం పని.