ప్రభుత్వాన్ని నమ్మే ఆఖరి మనిషి

ఈ దేశంలో ప్రభుత్వ సామర్థ్యం మీద ఇంకా చెక్కుచెదరని నమ్మకం ఉన్న పౌరుడు ఎవరయ్యా అంటే, నా దృష్టిలో కుట్ర సిద్ధాంతాలు పంచే మన సోదరుడే. వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను. ఆదాయ ధ్రువపత్రం కోసం పొద్దున్నే మీసేవకు వెళ్లి, సర్వర్ డౌన్ అంటే మధ్యాహ్నం దాకా కూర్చుని, రేపు రమ్మంటే ఇంటికొచ్చి, మజ్జిగ తాగి, అప్పుడు ఫోన్ తీసి "మన ప్రతి కదలికనూ ప్రభుత్వం ఉపగ్రహం నుంచి చూస్తోంది, మేలుకోండి" అని నాలుగు గ్రూపుల్లో పెట్టగలిగిన మనిషికి ఎంత విశ్వాసం ఉండాలి! మామూలు ఓటరుకు అంత లేదు. అధికార పార్టీ కార్యకర్తకు కూడా లేదు.

రెండు వేల నోటు సంగతే తీసుకోండి. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. కొత్త నోటు జనం చేతికి ఇంకా సరిగా అందనేలేదు, అందులో నానో జీపీఎస్ చిప్ ఉందన్న కబురు మాత్రం ఇంటింటికీ అందింది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, పైనుంచి సిగ్నల్ పంపితే తిప్పి పంపుతుంది, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా దొరికిపోతుంది. కొన్ని జాతీయ చానళ్లు గ్రాఫిక్స్ వేసి మరీ చూపించాయి. అలాంటిదేమీ లేదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ కూడా చెప్పారు. "చెప్పరుగా మరి, చెబితే దొంగలు జాగ్రత్తపడరూ?" అన్నారు మనవాళ్లు. నోటు సైజు మారిందన్న కారణంగా ఏటీఎంల లోపలి ట్రేలు సరిచేయడానికే వారాలు తీసుకున్న వ్యవస్థ అది. ఎండలో క్యూలో నిలబడి ఆ సంబడం కళ్లారా చూస్తూ కూడా, అదే వ్యవస్థ నోటులో చిప్ గుట్టుగా పెట్టేసిందని నమ్మారు. దీన్ని దేశభక్తి అనకపోతే ఇంకేమంటాం?

2023 మే నెలలో ఆ నోటును వెనక్కి పిలిచారు. అప్పటికి చలామణిలో ఉన్నది 3.56 లక్షల కోట్ల రూపాయల విలువ. 98 శాతానికి పైగా తిరిగొచ్చింది. మిగిలినది 2025 మధ్యకు వచ్చినా దాదాపు 6,000 కోట్లు, రిజర్వ్ బ్యాంకు ఇంకా లెక్కలు చెబుతూనే ఉంది. చిప్ ఉండి ఉంటే వెళ్లి ఎవరి అటక మీదున్నవి వాళ్ల దగ్గర తెచ్చుకునేవారు కదా అని ఒక హేతువాది అడిగాడు. "ఎక్కడున్నాయో తెలుసు, ఎవరివో కూడా తెలుసు, అందుకే వెళ్లరు" అని జవాబొచ్చింది. నిజం చెప్పాలంటే ఇది చిప్ కన్నా చాలా నయమైన వాదన, ఇందులో రాజకీయ జ్ఞానం కూడా ఉంది.

5జీ ది ఇంకో ఘనత. 2021లో సెకండ్ వేవ్ నడుస్తుంటే, ఈ చావులు కరోనావి కావు, 5జీ టవర్ల రేడియేషన్‌వి అని ఆడియోలు తిరిగాయి. దేశంలో ఎక్కడా 5జీ పరీక్షలు ఇంకా మొదలే కాలేదని టెలికాం శాఖ ఆ మే నెలలో ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. సేవలు మొదలైంది 2022 అక్టోబర్‌లో. సినిమా విడుదల కాకముందే పైరసీ వచ్చినట్టు, టెక్నాలజీ కన్నా ముందే దాని సైడ్ ఎఫెక్టులు దిగాయన్నమాట. అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటు మందు కోసం వేలమంది వరస కట్టారు గుర్తుందా? వ్యాక్సిన్‌కు పదేళ్ల ట్రయల్స్ ఏవి అని నిలదీసిన గొంతులే, ఈ మందును ఓసారి పరీక్షించి చూద్దాం అనగానే ఫార్మా మాఫియా అడ్డుపడుతోందని అరిచాయి. హేతువాదులేమో, చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పడక దొరకని మనిషికి డబుల్ బ్లైండ్ ట్రయల్ అంటే ఏమిటో పద్నాలుగు కామెంట్లలో వివరించారు. ఆ మనిషి చదివాడో లేదో మనకు తెలీదు.

పుకార్లు మనకు కొత్త కాదు. 1979లో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన నెత్తిన పడుతుందని భయపడి, ఎలాగూ పోతాం కదా అని ఊళ్లలో కోళ్లూ మేకలూ కోసుకు తిన్నవాళ్లున్నారు. అది చివరికి హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ఆ కాలపు పుకారు కనీసం కోడికూరన్నా పెట్టింది. ఇప్పటి పుకారుతో డేటా ఖర్చు తప్ప ఏముంది?

సరే, హేతువాదిని వదిలేస్తే పక్షపాతం అంటారు. ఆయనకూ ఒక మూఢనమ్మకం ఉంది, అది కూడా చిన్నది కాదు. ఆధారం చూపిస్తే ఎదుటివాడు మారతాడని ఆయన నమ్ముతాడు. దేవుడికి ఆధారం అడుగుతాడు, దెయ్యానికి ఆధారం అడుగుతాడు, ఈ నమ్మకానికి మాత్రం ఆధారం అడగడు. అడిగితే చరిత్ర ఏం చెబుతుందో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ కథ చూడండి.

వాలెస్ అంటే మామూలు మనిషి కాదు, డార్విన్‌తో పాటు విడిగా తనంతట తాను జీవపరిణామాన్ని వివరించే ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని కనిపెట్టినవాడు. 1870లో ఇంగ్లండులో భూమి బల్లపరుపని నమ్మే జాన్ హాంప్‌డెన్ అనే ఆయన ఒక సవాలు విసిరాడు. ఏదైనా కాలువ మీదో చెరువు మీదో నీరు వంపు తిరిగిందని చూపిస్తే 500 పౌండ్లు ఇస్తాను, చూపలేకపోతే నాకు 500 ఇవ్వాలి. వాలెస్‌కు డబ్బు అవసరం కూడా ఉంది, పైగా తేలిక పని. ఓల్డ్ బెడ్‌ఫర్డ్ కాలువ మీద ఆరు మైళ్ల దూరంలో ఉన్న రెండు వంతెనలు చూసుకుని, రెండు చివర్లా మధ్యలోనూ నీటికి ఒకే ఎత్తున గుర్తులు పెట్టి, టెలిస్కోపులోంచి చూశారు. మధ్య గుర్తు పైకి కనబడింది, అంటే నీరు వంపు తిరిగింది, అయిపోయింది. అయిపోలేదు. హాంప్‌డెన్ తరఫు మధ్యవర్తి అదే టెలిస్కోపులోంచి అదే దృశ్యం చూసి, చూశారా భూమి బల్లపరుపే అని సంబరపడ్డాడు. చివరికి ఒక పత్రికా సంపాదకుడు వాలెస్ గెలిచాడని తీర్పు చెప్పి డబ్బు ఇప్పించాడు.

ఇక అక్కడినుంచి మొదలు. హాంప్‌డెన్ నుంచి, వాలెస్ సభ్యుడిగా ఉన్న సంఘాలకు ఉత్తరాలు, ఇరుగుపొరుగుకు ఉత్తరాలు, దొంగ అని మోసగాడు అని కరపత్రాలు. వాలెస్ భార్యకే రాశాడు, ఏదో ఒక రోజు మీ ఆయన్ను తల పచ్చడై ఇంటికి మోసుకొస్తే కారణం మీకు తెలిసే ఉంటుందని. జైలుకు వెళ్లొచ్చాడు, మళ్లీ రాశాడు. ఇంటర్నెట్ లేని రోజుల్లో ఇంత ట్రోలింగ్ అంటే తపాలా బిళ్లలకే ఎంతయి ఉంటుందో! ఆ తర్వాత పందెం డబ్బుకు చట్టంలో విలువ లేదని కోర్టుకెళ్లి ఆ 500 కూడా వెనక్కి తెచ్చుకున్నాడు. గెలిచిన వాలెస్‌కు మిగిలింది లాయర్ ఫీజులూ, పదిహేనేళ్ల వేధింపులూ. జీవితంలో అన్నిటికన్నా విచారించాల్సిన పని అదేనని తర్వాత ఆయనే రాసుకున్నాడు.

ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పకపోతే కథ చప్పగా ఉంటుంది. భూమి గుండ్రమని అంత శాస్త్రీయంగా నిరూపించిన వాలెస్, ఆత్మలు వచ్చి మాట్లాడతాయని నమ్మేవాడు. మశూచి టీకాలకు వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పోరాడాడు కూడా. అంటే ఇవాళ ఉండి ఉంటే ఒక గ్రూపులో అడ్మిన్‌గానూ ఇంకో గ్రూపులో బ్లాక్ అయిన సభ్యుడిగానూ ఉండేవాడు.

నన్నడిగితే భూమి బల్లపరుపనే బృందాన్ని హేతువాదులు అన్యాయంగా తక్కువ చేస్తున్నారు. వాళ్లు ప్రయోగాలు చేస్తారండీ! అమెరికాలో ఒకాయన తిరుగుడును కొలిచే 20,000 డాలర్ల లేజర్ గైరోస్కోపు కొన్నాడు, భూమి తిరగడం లేదని తేల్చడానికి. అది గంటకు 15 డిగ్రీల చొప్పున కదిలింది, భూమి తిరిగితే ఎంత కదలాలో సరిగ్గా అంతే. దాంతో ఆయన మారిపోయాడనుకుంటున్నారా? ఆకాశం నుంచి వచ్చే ఏదో శక్తి దాన్ని కదిలిస్తోందని, ఆ శక్తి తగలకుండా కప్పెట్టే దారి వెతికాడు. ఎగతాళి చేసేముందు ఒక్క ప్రశ్న. మన హేతువాదుల్లో సొంత డబ్బు పెట్టి గైరోస్కోపు కొన్నవాడు ఎవడు? మనకు భూమి గుండ్రమని తెలిసింది ఐదో తరగతి టీచరు చెప్పడం వల్ల. చెప్పినదాన్ని నమ్మాం, పరీక్షలో రాశాం, మార్కులొచ్చాయి.

2024 డిసెంబర్‌లో కొలరాడోకు చెందిన విల్ డఫీ అనే పాస్టర్ ఈ గొడవ తేల్చేద్దామని రెండు వర్గాల వాళ్లనూ అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. అక్కడ ఆ కాలంలో సూర్యుడు ఇరవై నాలుగు గంటలూ అస్తమించడు. బల్లపరుపు భూమి మీద అది కుదరదు. జెరన్ కంపనెల్లా అనే బల్లపరుపు యూట్యూబర్ స్వయంగా వెళ్లి, తల చుట్టూ తిరిగే సూర్యుణ్ణి చూసి, ఇలా ఉండదనుకున్నాను, ఉంది అని కెమెరా ముందు ఒప్పుకున్నాడు. ఈ మాట అన్నందుకు నన్ను అమ్ముడుపోయినవాడంటారని కూడా అక్కడే అన్నాడు. అన్నారు. అదంతా స్టూడియోలో గ్రీన్ స్క్రీన్ ముందు తీశారన్నారు. హేతువాదులు మాత్రం ఏం చేశారు? ఆ చలిలో నిలబడి పొరపాటు ఒప్పుకున్న మనిషికి ఒక దండ వేయాల్సింది పోయి, ఇరవై మూడు వందల ఏళ్ల కింద అరిస్టాటిల్ చెప్పింది ఇప్పుడు తెలిసిందా అని నవ్వారు. ఇంకోసారి ఎవడైనా ఒప్పుకుంటాడా?

మన తెలుగు చర్చ ఇంత దూరం వెళ్లదు, విమానం టికెట్లు దండగ. అది రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. ఒకాయన "మీడియా చూపించని నిజం" అని వీడియో పెడతారు. రెండో ఆయన "సోర్స్ ఉందా?" అంటారు. "మీరే రీసెర్చ్ చేసుకోండి, గొర్రెల్లా నమ్మొద్దు." "నిరూపించాల్సింది మీరు." "నువ్వెవరి దగ్గర డబ్బు తీసుకుంటున్నావ్?" అని కాసేపు నడిచాక, ఏ పార్టీ నుంచి వచ్చావు, ఏ కులం నుంచి వచ్చావు, ఏ హీరో అభిమానివి అన్న దగ్గరకు చేరుతుంది. చంద్రుడి మీద మొదలైన చర్చ ఓపెనింగ్ కలెక్షన్ల మీద ముగియడం నేను చూశాను. ఈ మధ్యలో ఎవరో ఒకరు గుడ్ నైట్ బొమ్మ పెడతారు. నాకు వాళ్లంటేనే గౌరవం.

అసలు బాధేమిటంటే, నిజంగా కుట్ర జరిగినప్పుడు ఈ రెండు వర్గాల్లో ఒక్కడూ అందుబాటులో ఉండడు. మన హైదరాబాద్‌లోనే, సత్యం కంప్యూటర్స్‌లో, లేని డబ్బును ఉన్నట్టు ఏళ్ల తరబడి లెక్కల్లో చూపించారు. 2009 జనవరి 7న కంపెనీ చైర్మనే ఉత్తరం రాసి, ఖాతాల్లో చూపిస్తున్న 5,040 కోట్ల నగదు అసలు లేనే లేదని చెప్పేదాకా బయటి ప్రపంచానికి తెలియలేదు. పులి మీద స్వారీ చేస్తున్నాను, దిగితే తినేస్తుంది, ఎలా దిగాలో తెలీలేదు అని అందులో రాశారు. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనకు అవార్డు కూడా ఇచ్చారు. అన్నిట్లో కుట్ర వాసన పట్టే సోదరుడు అప్పుడు ఆ షేర్లు కొంటున్నాడు. అన్నిటికీ ఆధారం అడిగే సోదరుడు ఆడిట్ రిపోర్టును ఆధారం అనుకుని ఆ షేర్లే కొంటున్నాడు.

మా బంధువుల గ్రూపులో ఒక మావయ్య ఉన్నారు. 1969లో అమెరికావాళ్లు చంద్రుడి మీద దిగలేదని ఆయన స్థిరాభిప్రాయం. అదే మనిషి 2023 జులైలో చంద్రయాన్-3 ఎగురుతుంటే చూడాలని శ్రీహరికోట వెళ్లి, ఎండలో నిలబడి, కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చారు. డల్లాస్‌లో ఉండే మేనల్లుడు ఆయనను మార్చే పనిలో ఉన్నాడు. ఆరు యాత్రల్లో తెచ్చిన 382 కిలోల రాళ్ల గురించి చెప్పాడు. అబద్ధమైతే అప్పట్లో రష్యావాళ్లు ఊరుకునేవారా అన్నాడు. చివరికి బ్రహ్మాస్త్రం తీశాడు. "మావయ్యా, నాసాని వదిలేయండి. 2021లో మన చంద్రయాన్-2 తీసిన ఫొటోలోనే అపోలో 11 దిగిన చోటు కనబడుతోంది. ఇస్రోని నమ్ముతారుగా?"

మావయ్య ఆ ఫొటోను పెద్దది చేసుకుని చాలాసేపు చూసినట్టున్నారు, జవాబు మర్నాడు వచ్చింది. "ఇస్రోవాళ్లు మర్యాదస్తులురా. పక్కవాడి పరువు ఎందుకు తీస్తారు?"

దీనికి డల్లాస్ నుంచి ఇంకా సమాధానం రాలేదు. ఈ వాదనకు నాకు తెలిసి అతి క్లుప్తమైన సమాధానం 2002లోనే వచ్చింది, చంద్రుడి మీద నడిచిన రెండో మనిషి బజ్ ఆల్డ్రిన్ దగ్గర్నుంచి. కాలిఫోర్నియాలో ఒక హోటల్ బయట, యాత్ర అంతా నాటకమని ప్రచారం చేసే ఒకాయన కెమెరా పెట్టి, బైబిల్ మీద ఒట్టు వేయమని వెంటపడి, పిరికివాడివి, అబద్ధాలకోరువి అన్నాడు. అప్పటికి ఆల్డ్రిన్ వయసు 72. ఏ లింకూ పెట్టలేదు, ఏ గ్రాఫూ చూపించలేదు, దవడ మీద ఒక్కటిచ్చాడు. ఆయన మీద కేసు కూడా పెట్టలేదు. ఆ వీడియోను నేను రెండు వర్గాల గ్రూపుల్లోనూ చూశాను, గ్రీన్ స్క్రీన్ అన్నవాడు ఒక్కడూ కనబడలేదు.