డ్రాగన్ వచ్చిన రోజు సైన్యం ఎక్కడుంది?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వీరుడి పాత్ర పట్టి, పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట. అది ఆడే ఏ బల్ల దగ్గరికి వెళ్లినా వ్యవహారం ఒకటే తీరు. రాజుగారికి కోట ఉంటుంది, కోటకు బురుజులుంటాయి, బురుజుల మీద భటులుంటారు. మ్యాపులో ఓ మూల సైనిక శిబిరం బొమ్మ కూడా ఉంటుంది. ఊరి మీద ఎర్ర డ్రాగన్ పడిందని కబురు రాగానే ఆయన సేనాపతిని మాత్రం పిలవడు. సత్రంలో ఎవరి బిల్లు ఎవరు కట్టాలో తేలక కొట్లాడుకుంటున్న నలుగురిని పిలిపించి, "రాజ్యం మీ చేతుల్లో ఉంది" అంటాడు. ఆ నలుగురిలో ఒకడు ముందురోజు రాత్రే అదే కోటలో వెండి గిన్నె కొట్టేసి ఉంటాడు.

దీన్ని చేతగాని పాలన అని తొందరపడి తిట్టకండి. దీని వెనక గట్టి లెక్కే ఉంది. ఈ ఆట నిబంధనల్లో 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకాలు తెరవండి. ఎదిగిన ఎర్ర డ్రాగన్ ప్రాణం 256 పాయింట్లు, కవచం 19. అంటే పాచిక మీద పడిన అంకెకు కొట్టేవాడి నేర్పు కలిపి 19 చేరితేనే దెబ్బ తగులుతుంది. దాని మీదికి వెళ్లాలంటే అనుభవంతో పదిహేడో లెవెల్‌కు ఎదిగిన వీరులు నలుగురు కావాలి. ఇప్పుడు అదే పుస్తకంలో ఎవరూ పట్టించుకోని స్కౌట్ అనే మామూలు విలుకాడిని చూడండి. ఒక్క రౌండులో రెండు బాణాలు వేస్తాడు, అతని నేర్పు కలుపుకుంటే ఇరవై ముఖాల పాచికలో 15 గానీ ఆపైన గానీ పడితే చాలు, తగులుతుంది. వంద మందిని నిలబెడితే రెండు వందల బాణాలు. సగటున అరవై తగులుతాయి, ఒక్కోటి ఆరు పాయింట్లు, మొత్తం 360. డ్రాగన్ నిప్పు అరవై అడుగులే పోతుంది, వీళ్ల బాణం నూట యాభై అడుగులు సూటిగా పోతుంది. ఆట లెక్కలో రౌండంటే ఆరు సెకన్లు. అంటే రాజుగారు సైన్యాన్ని పంపితే కథ ఆరు సెకన్లలో ముగుస్తుంది, మిగతా ఆదివారమంతా ఏం చేయాలో ఎవరికీ తోచదు.

పైగా ఖర్చు. ఒక కిరాయి సైనికుడి రోజు కూలి రెండు బంగారు నాణేలు. చచ్చిన వీరుణ్ణి బతికించే మంత్రానికి ఐదు వందల నాణేల వజ్రం కావాలి. ఒక్క వీరుడు ఒక్కసారి చచ్చి లేచే ఖర్చుతో ఆ వంద మందినీ రెండు రోజులు పోషించి, ఇంకా వంద నాణేలు మిగుల్చుకోవచ్చు. ఈ లెక్క ఆర్థిక మంత్రి కంట పడకుండా కాపాడటమే డంజన్ మాస్టర్, అంటే కథ నడిపే ఆటపెద్ద, అసలు విధి.

నిజానికి ఈ ఇల్లు సైన్యానిదే. ఈ ఆటకు మూలం బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆట, అంటే వార్‌గేమ్. 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే అలాంటి ఆట నిబంధనల్లో పెద్ద యుద్ధమైతే ఒక్క బొమ్మ ఇరవై మంది సైనికులకు లెక్క. వీరుడు అనేవాడు చివర్లో అనుబంధంగా దిగాడు, అదీ నలుగురి పెట్టు మాత్రమే. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అట్ట మీద కూడా వార్‌గేమ్ అనే మాటే ఉంది. తర్వాత ఏమైందో తెలిసిందే. వరండాలో అద్దెకు దిగినవాడు ఇంటిగలాయన్ని పెరట్లోకి నెట్టేశాడు. కొన్నాళ్లు పాపం మర్యాద పాటించారు. ఫైటర్, అంటే కత్తి పట్టే వీరుడి పాత్ర, తొమ్మిదో లెవెల్‌కు చేరి కోట కట్టుకుంటే కొంతమంది సైనికులు వాళ్లంతట వాళ్లే వచ్చి చేరేవారు. ఐదో ఎడిషన్‌కు వచ్చేసరికి ఆ సౌకర్యమూ పోయింది.

మాంత్రికులు చేసింది ఇంకా ఘోరం. ఐదో లెవెల్ కుర్రాడు అగ్నిగోళం విసిరితే సగటున 28 పాయింట్ల దెబ్బ. తప్పించుకుంటే సగం, అంటే 14. కాపలా భటుడి ప్రాణం 11. పక్కకు దూకినా చస్తాడు, దూకకపోయినా చస్తాడు. అయినా పాచిక వేయించి, నిజంగానే ఏదో తేలబోతున్నట్టు అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. భారతంలో అక్షౌహిణికి 1,09,350 మంది కాల్బలం అని కనీసం లెక్క చెప్పారు. ఇక్కడ "చాలామంది పోయారు, మీ టర్న్" అంటారు.

ధైర్యం విషయంలోనూ వివక్షే. ఈ ఆట 1981 నాటి బేసిక్ నిబంధనల్లో రాక్షసులకూ కిరాయి మనుషులకూ మొరేల్ అని ఒక అంకె ఉండేది. రెండు పాచికలు వేసి ఆ అంకె దాటితే పారిపోవచ్చు. ఆటగాళ్ల పాత్రలకు ఈ పరీక్ష లేదు. ఇన్నేళ్లుగా దీన్ని వీరుల ఘనత అనుకుంటున్నారు. మూడు పాయింట్ల ప్రాణంతో చీకటి గుహలోకి దూరేవాడికి ధైర్యం ఎక్కువా, ఆలోచన తక్కువా అన్నది నిబంధనలు రాసినవాళ్లు లౌక్యంగా వదిలేశారు.

కాబట్టి డంజన్ మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే: సాకులైనా కాస్త గౌరవంగా చెప్పండి. ఇప్పుడు ఎవరిని అడిగినా "సైన్యం ఉత్తర సరిహద్దులో ఉంది" అంటారు. ఉత్తరాన అంతగా ఎవరు దండెత్తారో ఎవరూ అడగరు. మా బల్ల దగ్గర ఓ మొండి ఆటగాడు ఊరుకోలేదు, డ్రాగన్ సంగతి పక్కనపెట్టి అందర్నీ వారం రోజులు నడిపించి ఆ సరిహద్దుకే తీసుకెళ్లాడు. డంజన్ మాస్టర్ కాసేపు కాగితాలు తిరగేసి, గుడారాలు కనిపిస్తున్నాయి, మనుషులు లేరు అన్నాడు. మనవాడు చుట్టూ వెతుకుతానని పాచిక వేశాడు. ఇరవై పడింది.

"గుడారాల గుడ్డ చాలా మంచి రకం అని నీకు అర్థమవుతుంది" అన్నాడు డంజన్ మాస్టర్.