ఫారం 6 కాదంట, 8 అంట!

ఇప్పుడే మా వదిన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఓటు అప్లికేషన్ రిజెక్ట్ అంట. ఏందయ్యా కారణం అంటే పొదిలిలో పుట్టింటి దగ్గర ఆల్రెడీ ఓటుందంట. ఉందనే గదయ్యా ఇక్కడికి మార్చమంది! పెళ్ళై కందుకూరు పక్కన మా ఊరికొచ్చిన మనిషి ఓటెయ్యడానికి పొదిలి బస్సెక్కాలా?

తీరా చూస్తే ఇంటర్నెట్ సెంటర్ పిల్లోడు ఫారం 6 పెట్టాడు. అది కొత్త ఓటుకేనంట, ఇల్లు మారితే 8 అంట. వాడు మాత్రం ఏం చేస్తాడు పాపం, ఒకప్పుడు వేరే నియోజకవర్గానికి మారితే 6, అదే నియోజకవర్గంలో మారితే 8ఏ పెట్టేవాళ్ళు, 2022 ఆగస్టు నుంచి 8ఏ తీసేసి మార్పులన్నీ 8లో కలిపేశారు. మంచిదే, కలుపుకోండి, ఎవడికి చెప్పారు? లీడర్ పుట్టినరోజొస్తే సెంటర్ నిండా ఫ్లెక్సీలే, ఈ ఒక్క ముక్క ఏ గోడ మీదా కనపడదు.

ఇక ఆధార్ గోల. ఫారం 6బి పెట్టి ఓటుకి ఆధార్ లింక్ చేసుకో అంటారు, ఇష్టమైతేనే అని కూడా అంటారు, అదేం ఇష్టమో. బీహార్లో 2025లో ఓటర్ల లిస్టు సవరిస్తూ అడిగిన 11 కాగితాల్లో ఆధార్ లేనే లేదు, సెప్టెంబర్లో సుప్రీంకోర్టు చెప్పాక 12వది చేశారు, అదీ మనిషి ఎవరో తేల్చడానికేనంట, పౌరసత్వానికి కాదంట. రేషన్‌కి, గ్యాస్‌కి, సిమ్‌కి మాత్రం ఆధార్ లేందే మనం మనుషులమే కాదు.

ఓటరు కార్డుంది గదా అని ధీమాగా ఉండేవాళ్ళకి ఒక మాట, లిస్టులో పేరు లేకపోతే ఆ కార్డు విసురుకోవడానికి కూడా పనికిరాదు. పేరుంటే కార్డు లేకపోయినా ఆధారో, ఉపాధి హామీ జాబ్ కార్డో, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కో చూపించి వేసి రావచ్చు. ముందు లిస్టు చూసుకోండబ్బా.

ఇంత రూలు వదినకి. మరి మా పెదనాన్న కొడుక్కి? హైదరాబాద్‌లో ఓటు, ఊళ్ళోనూ ఓటు. 2023 నవంబర్లో అక్కడేశాడు, 2024 మేలో ఇక్కడికొచ్చి వేశాడు, రానుపోను బస్సు కూడా ఎవరో పెట్టారు. రెండు చోట్ల పేరుండకూడదని 1950 చట్టంలోనే ఉంది. పెదనాన్న సంవత్సరీకానికి రావడానికి సెలవు దొరకదు ఆ మహానుభావుడికి, పోలింగ్‌కి మాత్రం ముందురోజే దిగుతాడు, దిగి మన పొలం గట్టు రెండడుగులు లోపలికి జరిగిందేమో కొలుచుకోని మరీ పోతాడు. జరిపింది వాడు!

పేరు తీసెయ్యమని పెట్టేదానికి ఫారం 7 ఉంది, పెట్టేద్దామని ఎన్నిసార్లనుకున్నానో. మా అమ్మ పడనీదు, రేపు చెల్లి పెళ్ళికి వాళ్ళింటికి శుభలేఖ ఏ మొహం పెట్టుకోని ఇస్తామురా అంటది.