సొంత సర్వరు పెట్టుకునేవారితో వేగడం ఎలా?

కబుర్లు చెప్పుకోవడానికి సొంత సర్వరు, అంటే సందేశాలను అందుకుని చేరవేసే కంప్యూటరు, ఉండాలని పట్టుబట్టే మనిషి ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. ఆయనతో వాదించడం చాలా కష్టం, ఎందుకంటే ఆయన చెప్పేవన్నీ నిజాలే. కాబట్టి నిజానిజాల జోలికి పోకుండా ఈ సమస్యను పరిష్కరించే మార్గమేదైనా వెతకవలసి ఉంది.

ఆయన వాదన చరిత్రతో మొదలవుతుంది. 1999లో జాబర్‌గా పుట్టి తరువాత ఎక్స్‌ఎంపీపీ అనే పేరుతో స్థిరపడిన సందేశాల పద్ధతిలోనూ, 2014లో వచ్చిన అలాంటి మరో పద్ధతి మ్యాట్రిక్స్‌లోనూ ఎవరి సర్వరును వారు నడుపుకుంటూనే, ఈమెయిలులో మాదిరిగా ఇతర సర్వర్లవారితో మాట్లాడుకోవచ్చు. ఇదంతా నాసిరకం సరుకని కొట్టిపారేద్దామంటే, వాట్సాప్ తన సర్వర్లను ఎక్స్‌ఎంపీపీ కోసమే రాసిన ఈజాబర్‌డీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మార్పులు చేసుకునే నిలబెట్టిందన్న సంగతి ఆయనకు తెలుసు. గూగుల్ వారి కబుర్ల సేవ గూగుల్ టాక్ కథ మరీ ఇబ్బందికరం: 2005లో ఎక్స్‌ఎంపీపీ మీదే మొదలై, బయటి సర్వర్లకూ తలుపు తెరిచి, 2013లో దాని వారసుడైన హ్యాంగవుట్స్ రాకతో ఆ తలుపు మూయడం ప్రారంభించి, చివరకు 2022లో ఆ హ్యాంగవుట్స్‌నే మూసేశారు. ఇక ఆఫీసు బృందాలు కబుర్లాడుకునే స్లాక్ 2022 నుంచి ఉచిత ఖాతాలవారికి 90 రోజులు దాటిన సందేశాలను చూపడం మానేసింది. 2024 నుంచి ఏడాది దాటినవాటిని తుడిచేస్తోంది. ఆయన దీన్ని దోపిడీ అంటారు. పాత మాటలు తవ్వుకునే వీలు లేకపోతే బృందంలో సఖ్యత పెరుగుతుందన్న సదుద్దేశం ఆయనకు తట్టదు. వాట్సాప్‌లో 2016 నుంచి సందేశాలు పూర్తిగా గుప్తలిపిలోనే వెళ్తున్నా, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది సంస్థకు తెలుస్తుందని కూడా ఆయన హెచ్చరిస్తారు. మన మీద అంత శ్రద్ధ చూపేవారు మనకు మరెవరున్నారు?

ఇంతటి స్వాతంత్ర్యప్రియుడు దినమంతా ఏం చేస్తారో చూద్దాం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు సర్వరు అసలైనదేనని ఉచితంగా ఇచ్చే ధ్రువపత్రానికి గడువు 90 రోజులు కనుక, దాన్ని దానంతటదే తిరిగి తెచ్చే చిన్న ప్రోగ్రాము ఆగిందేమోనని కనిపెట్టుకుని ఉంటారు. డేటాబేసు ఉబ్బి డిస్కు నిండకముందే ఖాళీ చేస్తారు, బ్యాకప్ తీస్తారు, తీసిన బ్యాకప్ పనిచేస్తుందో లేదో పరీక్షించాలని ప్రతి వారం అనుకుంటారు. ఎవరైనా ఫోను మార్చి, గుప్తలిపిని విప్పే తాళాలు పోగొట్టుకుంటే, వారి పాత సందేశాలను తాను కూడా చదవలేనని, అదే ఈ ఏర్పాటులోని గొప్పతనమని వివరించబోయి తిట్లు తింటారు. ఇంత చేసినా, ఐఫోనులో సందేశం వచ్చిందని గంట మోగాలంటే ఆ కబురు ఆపిల్ సర్వర్ల మీదుగానే రావాలి. ఆ మాట ఎత్తితే మాత్రం ఆయన సంభాషణ మారుస్తారు.

అసలు తేడా ఆగిపోయినప్పుడు బయటపడుతుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా మూగబోయాయి. జుకర్‌బర్గ్‌కు ఫోను చేసి “ఏమయ్యా, నిద్రపోయావా?” అని అడిగిన బంధువు మనలో ఒక్కరూ లేరు. నలుగురితో నారాయణ అనుకుని ఓపిగ్గా కూర్చున్నాం, మరునాడు ఏమీ జరగనట్టే శుభోదయాలు పంపుకున్నాం. అదే మన మిత్రుడి సర్వరు అర్ధరాత్రి ఇరవై నిమిషాలు ఆగితే, ఆ వేళ ఎవరికీ చెప్పవలసిన మాట లేకపోయినా, వాక్‌స్వాతంత్ర్యానికి భంగం కలిగిందని తెల్లవారేలోగా అందరమూ ఆయనను నిలదీస్తాం. ఎంత పెద్ద తప్పునైనా ముఖం తెలియనివారు చేస్తే మన్నించే ఔదార్యం మనకుంది. ఫోన్ నంబరు తెలిసినవారి విషయంలోనే అది కుదరదు.

కాబట్టి సొంత సర్వరువారికి నా సలహా సాంకేతికమైనది కాదు. ఆయన ముందుగా తన పేరు దాచుకుని, ఒక గుండ్రని చిహ్నం గీయించుకుని, “మా బృందం” అని బహువచనంలో మాట్లాడటం మొదలుపెట్టాలి. సర్వరు ఆగితే కారణం చెప్పకూడదు. అంతా సర్దుకున్న చాలాసేపటికి అసౌకర్యానికి చింతిస్తున్నామని ఒక్క వాక్యం ప్రకటించాలి. ఏడాదికోసారి, వీలైతే సెలవురోజున, గోప్యతా విధానం మారిందంటూ చాంతాడంత ఉత్తరం పంపాలి. దాన్ని ఎవరూ చదవరు. దాని అడుగునున్న “అంగీకరిస్తున్నాను” అనే మీటను మాత్రం, ఇంతకాలం ఆయన సర్వరులో చేరడానికి తీరిక దొరకనివారితో సహా, అందరూ నొక్కేస్తారు.